వినలేని పెట్టె

అక్క సంచి సర్దుతోంది. రెండు చొక్కాలు, ఏసీ మెకానిక్ యూనిఫాం, దొంగ గుర్తింపు కార్డు, సబ్బుపెట్టె. అన్నీ తీసి మళ్ళీ సర్దింది.

"సంచి అరిగిపోతుందే," అన్నాడు తమ్ముడు.

"అరగనీ."

గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతని రహస్య నామం పిచ్చుక. అక్కడే ఆమె లినక్స్ కెర్నల్ కంపైల్ చేస్తుంది. మిషన్లలో వాడే పెట్టెలను నడిపే మూల ప్రోగ్రాం అది.

చీఫ్ బ్రీఫింగ్ పొద్దున్నే అయిపోయింది. రైల్వే సిగ్నల్ రూమ్ విదేశీ ముఠా గుప్పిట్లో ఉంది. రేపు మధ్యాహ్నం ఒకే పట్టాల మీద ఎదురెదురు రైళ్ళకి గ్రీన్ ఇస్తారు. పిచ్చుక ఏసీ మెకానిక్ వేషంలో లోపలికి వెళ్ళి ప్యానెల్‌కి అగ్గిపెట్టెంత పెట్టె తగిలిస్తే సిగ్నళ్ళన్నీ రెడ్ అవుతాయి. తలుపు తీసేది ముత్యాల మేడమ్. ముఠాలో ఉంటూ మన కోసం పనిచేసే డబుల్ ఏజెంట్.

అక్క స్క్రీన్ వైపు తిరిగింది. చివరి లైనులో పసుపు రంగు హెచ్చరిక: ఇమేజ్ సైజు హద్దు దాటింది.

"వార్నింగే కదా. ఎర్రర్ కాదుగా."

"కంపైల్ అయితే అవుతుందిరా. పెట్టెలోకి ఎక్కించేటప్పుడు పట్టని భాగం తెగిపోతుంది. ఇక పెట్టె ఆన్ కాదు."

ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రాం, అదే డ్రైవర్. అనవసరమైన డ్రైవర్లన్నీ అప్పటికే పీకేసింది. మిగిలినవి మూడు: సిగ్నళ్ళను పట్టేది, కెమెరా బొమ్మనూ మాటనూ పంపేది, బయటి మాట వినేది.

"కెమెరా తీసెయ్యనా?"

"చీఫ్ ఒప్పుకోడు. వినేది తీసెయ్. నీ మాట నేనెప్పుడు విన్నాను గనక."

ఆమె నవ్వలేదు. వినే డ్రైవర్‌ను మాడ్యూల్‌గా, అంటే తర్వాత తగిలించుకునే విడి ముక్కగా చేసి, చిన్న మెమరీ కార్డులోకి ఎక్కించి, సబ్బుపెట్టెలో దాచింది.

"కార్డు ఇప్పుడే పెట్టెకి గుచ్చితే పైకి పొడుచుకొచ్చి గేటు దగ్గర దొరికిపోతావు. లోపలికెళ్ళగానే గుచ్చు. నేనిక్కడ కొట్టింది పెట్టె పలుకుతుంది. 'గొడుగు' అని వినిపిస్తే అన్నీ వదిలేసి వచ్చెయ్."

"సరే తల్లీ."

మళ్ళీ కంపైల్ చేసింది. ఈసారి ఒక్క హెచ్చరికా లేదు. చాలా కాలానికి ఆమెకు ఊపిరాడింది.

మర్నాడు అతని జేబులోంచి పెట్టె పంపే బొమ్మ ఆమె స్క్రీన్ మీద కదిలింది. గేటు దగ్గర గార్డు అడ్డం వచ్చాడు.

"సంచి ఇక్కడ పెట్టు. టూల్‌బాక్స్ ఒక్కటే లోపలికి."

"సబ్బుపెట్టె తీసుకుంటానన్నా."

"ఏసీకి స్నానం చేయిస్తావా?"

గార్డు పడీపడీ నవ్వాడు. ఇంకా అడిగితే అనుమానం వస్తుంది. తమ్ముడూ నవ్వి, సంచి వదిలేసి నడిచాడు.

ముత్యాల మేడమ్ తలుపు తీసింది. అతను ప్యానెల్‌కి పెట్టె తగిలించాడు. ఇప్పుడు కెమెరాకి అతని ముఖం, దాని వెనక మేడమ్ కనిపిస్తున్నారు. ఆమె తలుపు గడియ వేసింది. తీరిగ్గా పర్సు తెరిచి పిస్టల్ తీసింది.

అక్క టైప్ చేసింది: గొడుగు.

జవాబు వచ్చింది: అలాంటి డివైస్ లేదు.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే.

"ఏదో ఒకటి చెయ్యమ్మా," అన్నాడు వెనక నిలబడ్డ చీఫ్.

"చెయ్యడానికేం లేదు సార్. వినేది నేనే తీసేశాను."

ప్యానెల్ మీద దీపాలన్నీ ఎర్రబడ్డాయి. రైళ్ళు రెండూ ఒకదాని ముఖం ఒకటి చూసుకునేంత దగ్గరలో ఆగాయి. తమ్ముడు కెమెరా వైపు బొటనవేలెత్తి నవ్వాడు. బొమ్మ ఆగిపోయింది.

పెట్టె పనితీరులో ఏ లోపమూ లేదని చీఫ్ రిపోర్టు రాశాడు. గార్డు నిజాయితీపరుడు, సంచి భద్రంగా తిప్పి పంపాడు. తమ్ముడు తిరిగి రాలేదు. అది వానలు మొదలైన వారం, గురువారం.