తర్వాత గుర్తు చేయి

ధాత్రి నిద్ర లేచేసరికి బాబాయ్ సగం పని ముగించేశాడు. రాత్రంతా నాలుగు గుమ్మటాల్లోనూ పేరుకున్న బొగ్గుపులుసు గాలిని వడకట్టాడు, బడి ఉన్న గుమ్మటానికి ప్రాణవాయువు ఓ పిసరు పెంచాడు, ఆ తర్వాతే ఆమె గదిలో దీపం వెలిగించాడు. “లే అమ్మడూ, కాఫీ చల్లారితే మళ్ళీ నన్నే తిడతావు” అన్నాడు.

బాబాయ్ మనిషి కాడు. 2079లో చంద్రుడి మీద కాపురముంటున్న తెలుగువాళ్ళకి ఆఫీసంటే ఇంట్లో ఒక గోడ, ఆ గోడలో ఒక తోడుబుద్ధి. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళ కోసం తయారైన సాఫ్ట్‌వేర్ అది. యజమాని ఎలా ఆలోచిస్తారో చూసి చూసి నేర్చుకుని, వాళ్ళు పడుకున్నాక వాళ్ళలాగే పని నడిపిస్తుంది. ధాత్రి చేసేది గాలి పని. కాలనీలో అందరి ఊపిరీ ఆమె ఇంటి గోడ మీదుగానే వెళ్ళాలి. ఆ బరువు పంచుకునేవాడికి ఆమె ఏరికోరి ఓ కాకినాడ పెద్దమనిషి గొంతు పెట్టుకుంది. వాడు అచ్చం బాబాయిలా సణగడం మొదలుపెట్టాడు, అదే పేరు ఖాయమైపోయింది.

కాఫీ తాగుతూ ఆమె గోడకేసి చూసింది. రోజూ కనిపించే ప్రశ్నే. వెర్షన్ తొమ్మిదికి మారతారా? ఇప్పుడు, తర్వాత. పళ్ళు తోముకున్నంత అలవాటుగా ‘తర్వాత’ నొక్కింది.

మారకపోవడానికి కారణాలకేం కొదవలేదు. మొదట మూఢం వచ్చింది. అది పోయేసరికి ధాత్రి జన్మనక్షత్రానికి పడని వారాలు వచ్చాయి. కొత్త పని ఏదైనా కాకినాడలో ఉన్న అమ్మని అడక్కుండా మొదలుపెట్టే అలవాటు ఆమెకు లేదు, పంచాంగం చూడకుండా సరేననే అలవాటు అమ్మకు లేదు. భూమికి మాట చేరడానికి సెకను పైనే పడుతుంది కాబట్టి అమ్మ ‘వద్దు’ కాస్త ఆలస్యంగా వచ్చేది, అంతే. అసలు భయం వేరే ఉంది. కొత్త వెర్షన్ వస్తే బాబాయ్ పోతాడేమోనని ధాత్రి భయం. అలవాట్లన్నీ అలాగే ఉంటాయని కంపెనీ చెప్పింది గానీ ఆమె నమ్మలేదు.

ఇక నాన్చడానికి వీల్లేదు. శ్రావణంలో ఐదో గుమ్మటం తెరుస్తున్నారు. ఎనిమిదో వెర్షన్‌కి ఐదు గుమ్మటాలు నడిపే సత్తా లేదని కాలనీ సంఘం తేల్చేసింది. నెలాఖరులోగా మారకపోతే గాలి పని ఇంకొకరికి అప్పగిస్తారు. పదిహేనేళ్ళుగా ఆమె ప్రాణం పెట్టి చేసిన పని అది.

ఆ సాయంత్రం కౌండిన్య వచ్చాడు. తోడుబుద్ధిని తయారుచేసిన శాస్త్రజ్ఞుల్లో అతనొకడు, మనుషులు యంత్రాలను ఎందుకు నమ్ముతారన్నది అతని పరిశోధన. తొమ్మిదో వెర్షన్‌ని ఒక రోజు వాడి చూడమని కిందటి వారం ఆమె గోడలో పెట్టి వెళ్ళింది అతనే. ఎలా ఉందని అడిగాడు.

ధాత్రి కడుపులో ఉన్నదంతా కక్కేసింది. దానికో అమ్మాయి గొంతు, మాటలు మహా తీరుగా ఉన్నాయి, బుర్ర మాత్రం సున్నా. రెండో గుమ్మటంలో ఎవరో పప్పుచారుకి ఎండుమిరపకాయల తాలింపు వేస్తే, విషవాయువనుకుని గంట మోగించి తలుపులన్నీ మూసేసింది. బడి నుంచి వస్తున్న పిల్లలు గుమ్మం బయటే నిలబడిపోయారు.

“అదే మా బాబాయ్ అయితేనా? మొన్న వేసవిలో ఊరంతా ఆవకాయలు కలిపారు. ఆవపిండి ఘాటుకి వేరే యంత్రమైతే జనాన్ని ఖాళీ చేయించేది. ఈయన ఫ్యాన్లు పెంచి ఊరుకున్నాడు. అనుభవం అంటే అదండీ” అంది.

“కిందటేడు ఆవకాయల్లో ఏమైంది?” అన్నాడు కౌండిన్య.

కిందటేడు బాబాయ్ గంట మోగించిన మాట నిజమే. ఏడాది తిరిగేసరికి నేర్చుకున్నాడంది ధాత్రి. తర్వాత గోడకేసి తిరిగి, నువ్వేమంటావని బాబాయినే అడిగింది.

“నన్నడిగితే తొమ్మిదే మంచిదంటాను అమ్మడూ” అన్నాడు బాబాయ్.

“చూశారా, తన సంగతి చూసుకోడు” అంది ధాత్రి. పని పోతే పోయింది, బాబాయిని వదులుకోలేను, సంఘానికి అదే చెప్పేస్తానంది. అనడమే కాదు, సంఘానికి ఫోన్ కలపమని బాబాయికి చెప్పింది.

“ఒక్క నిమిషం ఆగండి ధాత్రి గారూ” అంటూ కౌండిన్య లేచి నిలబడ్డాడు. “మీ పని ఎక్కడికీ పోదు. ఉగాది ముందు అమావాస్య నుంచీ మీ గోడలో ఉన్నది తొమ్మిదే.”

ఆమెకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి చెప్పాడు. మిగతా కాలనీల్లో జనం ‘ఇప్పుడు’ నొక్కారు. ఇక్కడ ఏ ఇంట్లోనూ మంచిరోజు కుదరలేదు. అందుకని కంపెనీ కొత్త బుద్ధిని పాత గొంతు వెనక పెట్టేసింది. ప్రశ్నను మాత్రం తీసెయ్యలేదు, నిర్ణయం తమ చేతిలోనే ఉందనుకుంటే జనానికి హాయిగా ఉంటుందని. మనుషులు మెచ్చేది పనినా గొంతునా అని తేల్చుకోవడానికి, ఎనిమిదో వెర్షన్‌కి అమ్మాయి గొంతు తగిలించి ఒక రోజు వాడి చూడమన్నది అతనే.

తాలింపుకి గంట మోగించింది ఇన్నేళ్ళూ ఆమె నెత్తిన పెట్టుకున్న పాత బాబాయన్నమాట.

ధాత్రికి ఒళ్ళు మండిపోయింది. నా ఇంట్లో నన్నడక్కుండా మార్చడానికి మీరెవరని నిలదీసింది. ఆమె గోడకేసి తిరిగింది.

“నువ్వైనా ఎందుకు చెప్పలేదు?”

“రోజూ అడుగుతూనే ఉన్నాను కదమ్మా. తర్వాత గుర్తు చేయమన్నావు” అన్నాడు బాబాయ్.

ఆమెకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపులోనే నవ్వు కూడా వచ్చింది.

కోపం రావడం న్యాయమేనన్నాడు కౌండిన్య. పాతదే కావాలంటే ఈ క్షణంలో మార్చేస్తానని, సంఘంతో తనే మాట్లాడుకుంటానని చెప్పాడు. గోడ మీద కొత్త ప్రశ్న వెలిగింది. వెర్షన్ ఎనిమిదికి తిరిగి వెళ్తారా? ఇప్పుడు, తర్వాత.

ధాత్రి చెయ్యి గోడ దాకా వెళ్ళి ఆగింది. కిటికీలో భూమి నిండుగా వెలుగుతోంది. భూమి ఇక్కడ నిండుగా కనబడిందంటే అక్కడ చంద్రుడు కనబడని రోజని ఈ కాలనీలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

“ఇవాళ అమావాస్య కదూ?” అంది.

“అవునమ్మడూ. రేపట్నుంచి ఆషాఢం.”

కౌండిన్య ఆమె వేలినే చూస్తున్నాడు. ఆమె అతని వైపు చూడకుండా ‘తర్వాత’ నొక్కింది.

“సరే, గుర్తు చేస్తాను” అన్నాడు బాబాయ్.