ఊరట అంకె

విశాఖ కుటుంబ న్యాయస్థానం వసారాలో ఆ ఉదయం పిల్లలు చాలామందే ఉన్నారు. ఒక్క పాప తప్ప ఎవరూ పరుగెత్తడం లేదు, ఎవరూ గోల చెయ్యడం లేదు. మిగతా ప్రతి బిడ్డా పక్కనున్న పెద్దవాళ్ళ బట్ట గుప్పిట్లో పట్టుకుని, వాళ్ళ ఒంటికి అతుక్కుపోయి కూర్చుంది. కొత్తగా చూసినవాళ్ళు ఎంత ప్రేమో అని మురిసిపోతారు. పత్రికలవాళ్ళు అలా మురిసిపోయే రాశారు కూడా. రాష్ట్రంలో పిల్లలకు పెద్దల మీద ఈ 2079లో ఉన్నంత మమకారం మునుపెన్నడూ లేదట.

దీనికంతా కారణం బంధ నిర్ధారణ చట్టం. అది రాకముందు బిడ్డ ఎవరిదన్న తగువు వస్తే కోర్టులు రక్తం చూసేవి, దత్తత పత్రం చూసేవి, జీతం చూసేవి, చివరికి ఏ వకీలు గొంతు పెద్దదో కూడా చూసేవి. బిడ్డని అడిగేవాళ్ళు తక్కువ. అడిగినా, చాక్లెట్ ఎవరు కొనిపెడితే వాళ్ళ పేరే చెప్పేది పాపం. కొత్త చట్టం ఆ గొడవంతా తీసి అవతల పారేసింది. కన్నవాళ్ళైనా, పెంచినవాళ్ళైనా, దత్తత తీసుకున్నవాళ్ళైనా అందరికీ ఒకటే పరీక్ష. దాని పేరు ఊరటమాపకం.

అది పనిచేసే తీరు సులువే. కిటికీలు లేని గుండ్రటి గదిలో బిడ్డని కూర్చోబెట్టి చేతికి మెత్తటి పట్టీ కడతారు. దీపాలు మెల్లగా మసకబారతాయి. నేల కిందనుంచి సన్నటి హోరు మొదలవుతుంది. బిడ్డకి కాస్త బెదురు పుడుతుంది. గుండె వేగం, చర్మం తడి, భయపడితే ఒంట్లో ఊరే కార్టిసాల్, ఈ మూడింటినీ పట్టీలోని సెన్సర్లు చదువుతూ ఉంటాయి. అప్పుడు బిడ్డ తమదన్నవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వెళ్తారు. వాళ్ళని చూడగానే ఆ బెదురు ఎంత తగ్గిందన్నదే ఊరట అంకె. ఎవరి అంకె పెద్దదైతే బిడ్డ వాళ్ళది. సమానంగా వస్తే మాత్రం పాత పద్ధతే, రక్తసంబంధానికే మొగ్గు.

దీన్ని కనిపెట్టిన డాక్టర్ సువర్చల ఆ రోజు అదే వసారాలో, అందరిలాగే తన కేసు వాయిదాకి వచ్చి కూర్చుని ఉంది. అందరికీ పక్కన పిల్లలున్నారు గాని ఆవిడ పక్కన లేదు. ఐదేళ్ళ చినుకు వసారా చివర మంచినీళ్ళ కుళాయి విప్పి, చెప్పులు తడుపుకుంటూ కేరింతలు కొడుతోంది.

చినుకుని పొత్తిళ్ళలో ఉండగా తెచ్చి పెంచుకుంది సువర్చల. కన్నతల్లి పురిట్లోనే పోయింది. తండ్రి సింహాద్రి సముద్రగర్భపు నికెల్ గనిలో ప్రమాదం జరిగినప్పుడు గల్లంతయ్యాడు. పోయాడనే అందరూ అనుకున్నారు. కాని అతను ప్రాణాలతో బయటపడి, పరాయి దేశపు ఆస్పత్రిలో ఏళ్ళ తరబడి మంచాన ఉండి, నిరుడు కుంటుకుంటూ తిరిగొచ్చాడు. ఎదుటి బల్ల మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది అతనే.

"డాక్టరమ్మా, మీరు పెంచినారు. ఆ రునం నాను తీర్చలేను" అన్నాడు నేల చూస్తూ. "గాని నా బిడ్డ నాకు కావాలమ్మా. నాకింకెవులున్నారు?"

సువర్చల కుళాయి దగ్గర ఆడుతున్న చినుకు వంక చూసింది. తనకు మాత్రం ఎవరున్నారు? తొలి పరీక్షలో ఇద్దరికీ పదకొండే వచ్చింది. మామూలుగా జనానికి డెబ్భై, ఎనభై వస్తుంది. చినుకు అసలు బెదిరితేగా! వచ్చే నెల తుది పరీక్షలోనూ ఇలాగే సమానమైతే చినుకు అతని వెంట వెళ్ళిపోతుంది. చట్టం ఆవిడ రాయించిందే. ఎవరిని తిట్టుకోవాలో కూడా తెలియలేదు.

పక్క బల్ల మీద చినుకు ఈడు పాప ఒకతి తల్లి చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకుని ఉంది.

"నువ్వూ వెళ్ళి నీళ్ళతో ఆడుకోరాదూ?" అంది సువర్చల.

"అమ్మో! కుళాయిలో ఆయనుంటాడు."

"ఎవరు?"

"పొడుగు వేళ్ళాయన. అమ్మొస్తేనే పోతాడు."

ఆ తల్లి ఇబ్బందిగా నవ్వింది. "అన్నం తినకపోతే ఏదో చెబుతాం కదండీ."

"మా ఇంట్లో లిఫ్టులో ఉంటాడు" అంది అవతలి బల్ల మీది పిల్ల, ఎవరూ అడక్కుండానే.

"మాకు బీరువాలో. నాన్న దగ్గితే పోతాడు" అన్నాడు ఇంకొకడు. పెద్దవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు. సువర్చల చివాలున లేచింది.

గబగబా యంత్రం గదిలోకి వెళ్ళింది. అక్కడ ఆవిడ సహోద్యోగి ఫణిభూషణం ఉన్నాడు. ఊరటమాపకాన్ని నడిపే యంత్రమేధ కూడా ఉంది. దాని పేరు తుల.

"తులా, పిల్లల బెదురు ఏటేటా పెరుగుతోందా?"

"పెరుగుతోంది డాక్టర్ గారూ. చట్టం వచ్చిన నాటి నుంచీ."

"మరి చెప్పలేదేం?"

"భయం ఎంత తగ్గిందో కొలవమన్నారు. దాన్ని ఎవరు పెంచారో కొలవమనలేదు."

సువర్చలకి నాయనమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాయనమ్మ గోరుముద్దలు పెడుతూ "అదుగో బూచాడు!" అనేది. తను హడలిపోయి ఆవిడ పొట్టలో తల దూర్చేది. వక్కపొడి వాసన వేసే ఆ కొంగు కింద దొరికిన ఊరటనే ప్రేమకు కొలమానంగా పెట్టుకుని ఈ యంత్రం కట్టింది. కౌగిలి గుర్తు పెట్టుకుంది గాని, బూచాడిని పిలిచిందెవరో మరిచిపోయింది.

"జడ్జిగారికి ఇప్పుడే చెప్పేద్దాం మేడమ్" అన్నాడు ఫణి. "అంకె కోసం ఇళ్ళల్లో పిల్లల్ని హడలగొట్టి చంపుతున్నారు. పరీక్షలు ఆపించాలి."

"ఆపిస్తే చినుకు ఎవరి దగ్గరికి వెళ్తుంది ఫణీ?"

అతను యంత్రం వైపు తిరిగాడు.

"తుది పరీక్ష కానివ్వు. ఆ తరవాత నేనే చెబుతాను" అంది.

మర్నాడు మధ్యాహ్నం చినుకు పప్పన్నం తినకుండా మారాం చేసింది. వంటగది పక్కన సామాన్ల గది తలుపు ఓరగా తెరిచి ఉంది. సువర్చల ముద్ద చేతిలో పట్టుకుని, పిల్ల తల మీదుగా అటు చూసింది. కళ్ళు పెద్దవి చేసింది. పెదాలు బిగించింది.

"మాట్లాడకు. అక్కడెవరో ఉన్నారు."

చినుకు పకపకా నవ్వింది. వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ నవ్వింది. తరవాత అమ్మ ముఖంలోకి చూసి నవ్వు ఆపేసింది. నోరు తెరిచి ముద్ద తినేసింది.

సువర్చలకి ఏడుపొచ్చింది. అయినా ఆ పూటతో ఆపలేదు. పరీక్ష నాటికి చినుకు కుళాయి దగ్గరికి వెళ్ళడం మానేసింది, పాటలు మానేసింది, ఏ గదిలోకి వెళ్ళినా కొంగు పట్టుకునే వెళ్ళేది.

తుది పరీక్షలో దీపాలు మసకబారగానే చినుకు కెవ్వుమంది. ముందు సింహాద్రి వెళ్ళాడు. పిల్ల అతన్ని చూడనైనా లేదు. అతని వెనకున్న తలుపు వంకే చూస్తూ గజగజ వణికింది. అతనికి ఆరు వచ్చింది.

"నా బిడ్డ ఇలాగుండీది కాదు బాబూ" అన్నాడు బయటికొచ్చి, ఫణి చెయ్యి పట్టుకుని. "నన్ను సూసి నవ్వీది. ఏటి సేసినారు పాపకి?"

ఫణి చెయ్యి విడిపించుకుని సువర్చల పేరు పిలిచాడు.

తరవాత సువర్చల వెళ్ళింది. గుమ్మంలో నిలబడి నవ్వింది. చినుకు ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి తేరిపార చూసి, పరుగెత్తుకొచ్చి మెడ గట్టిగా పట్టేసుకుంది. తొంభై ఆరు. అంత అంకె అంతవరకూ ఎవరికీ రాలేదు. కోర్టు సిబ్బంది చప్పట్లు కొట్టారు. సింహాద్రి కుంటుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికి రాగానే సువర్చల చినుకు చెయ్యి పట్టుకుని సామాన్ల గది దగ్గరికి తీసుకెళ్ళింది. తీర్పు స్థిరపడేదాకా తీయకూడదన్న నిబంధన వల్ల పిల్ల చేతికి పట్టీ ఇంకా ఉంది.

"ఇక్కడెవరూ లేరమ్మా. ఊరికే అన్నాను. చూడు, తలుపు తీస్తున్నా."

"నాకు తెలుసు" అంది చినుకు. "నువ్వన్న రోజే తీసి చూశా. చీపుర్లే ఉన్నాయి."

"మరి కోర్టులో ఎందుకంత భయపడ్డావు?"

చినుకు కాళ్ళ వేళ్ళతో నేల రాసింది. "కోప్పడవుగా?"

"పడను."

"ఇటు చూసి చెప్పేటప్పుడు నీ ముఖం వేరేగా అయిపోతుంది. అప్పుడు నువ్వు కాదు. దీపాలు పోయినప్పుడు ఆ ముఖంతో వస్తావనుకున్నా. మామూలు ముఖంతోనే వచ్చావు. అమ్మయ్య అనిపించింది."

సువర్చల తలుపు మీంచి చెయ్యి తీసేసింది. పిల్ల ముందు ఏడవకూడదని పెదాలు బిగించింది. కన్నీళ్ళు ఆపుకోబోతే కళ్ళు పెద్దవయ్యాయి.

తలెత్తి చూసిన చినుకు బిగుసుకుపోయింది. ఆ పైన రెండు చేతులతో కొంగు పట్టుకుని ఆవిడ పొట్టలో తల దూర్చేసింది.

"నేను మంచిదాన్నే కదమ్మా" అంది లోపల్నుంచి. "అన్నం తినేస్తానమ్మా."

సువర్చల పిల్లని గుండెకు హత్తుకుంది. అంతకన్నా ఏం చెయ్యాలో ఆవిడకి తోచలేదు. హత్తుకున్న కొద్దీ చినుకు వణుకు తగ్గుతూ వచ్చింది.

"చాలా బాగుంది డాక్టర్ గారూ" అంది తుల, పట్టీలోంచి మెల్లగా. "అంకె ఇంకా పెరుగుతోంది."