పాత బడి షెడ్డులో ఈడ్చే కాలు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా అక్క. ఆ రాత్రి షెడ్డులోకి వెళ్ళినవాడు ఆవిడ మొగుడే, టైలరు, నాకు బావ. కాబట్టి కటింగ్ షాపువాడు చెప్పేది నమ్మకండి. మా బావ చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాడని వాడు వచ్చిన ప్రతి గిరాకీకీ చెబుతున్నాడు. అబద్ధం. చప్పుడు కాకుండా బావ వట్టికాళ్ళతోనే వెళ్ళాడు.

పాత బడి వెనకాల రేకుల షెడ్డు ఉంది. బడి వేరే చోటికి మారాక దానికి దెయ్యాలున్నాయని చెడ్డపేరు వచ్చింది. చీకటి పడితే ఆ పక్కకి ఎవరూ పోరు. పాల వ్యాను డ్రైవరు ఒకసారి ఆ గోడ పక్కన బండి ఆపాడు... బండి అక్కడే వదిలేసి ఇంటికి నడిచొచ్చాడు. మర్నాటిదాకా నోరు విప్పలేదు. ఆ తర్వాత చెప్పాడు.

లోపల అడుగులు. చాలామందివి, అన్నీ ఒకేసారి. ధన్... ధన్... వాటి వెనకాల ఒక్కటి మాత్రం ఆలస్యంగా, గుడ్డ ఈడ్చుకుంటూ... సర్ర్...

అది విని వీధిలో అందరూ తలుపులు బిగించుకున్నారు. మా బావ ఒక్కడు మిషను ఆపి కూర్చున్నాడు.

"వాడే," అన్నాడట మా అక్కతో.

వాడంటే నిదానం, బావతో కలిసి చదివినవాడు. బడికైనా ఆటకైనా అన్నానికైనా అందరికంటే చివర వచ్చేవాడు గనక ఆ పేరు. యుద్ధం వచ్చినప్పుడు ఆ క్లాసువాళ్ళు చాలామంది వెళ్ళారు. బావకి చూపు ఆనదని వెనక్కి పంపేశారు. పోనీ నా వంతుగా మీ అందరికీ ఒకే రకం ప్యాంట్లు కుడతానన్నాడు. అందరూ చెప్పిన వేళకి వచ్చి తీసుకుపోయారు. నిదానం మాత్రం రైలెక్కే పొద్దున వచ్చాడు. ఇక అడుగున అంచు మడిచి కుట్టాలి, అంతే. బావకి ఒళ్ళు మండింది. ఈడ్చుకుంటూ పో, అప్పుడు తెలుస్తుంది అని ప్యాంటు వాడి మొహాన పడేసి షట్టరు దించేశాడు.

నిదానం తిరిగి రాలేదు.

అప్పట్నుంచీ బావ మనసులో ఒకటే పురుగు. ఆ అంచు కాలికి తగిలి, పరిగెత్తలేక పడిపోయి ఉంటాడని. తిరిగొచ్చిన స్నేహితుల్ని అడగొచ్చు కదా? అడగడు. అవునంటే ఏం చేయాలి? వాళ్ళు ఎదురొస్తే సందు మారిపోయేవాడు.

ఆ రాత్రి అక్క చేత సూదిలో దారం ఎక్కించుకున్నాడు. ఎక్కడికని అడిగితే, చిన్న పని మిగిలిపోయింది అన్నాడు.

షెడ్డులో కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. అయినా బావ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళాడు.

ధన్... ధన్... సర్ర్.

ఈడ్పు దగ్గరికొచ్చింది... ఇంకా దగ్గరికి... ఆగింది. బావ చెయ్యి చాపాడు. గుడ్డ తగిలింది. వేళ్ళతో తడిమాడు. తను కత్తిరించిన ప్యాంటే. అంచు మడవలేదు.

"ఒరేయ్ నిదానం... కదలకురా. ఇప్పుడే అయిపోతుంది."

పైన ఉలుకు లేదు, పలుకు లేదు. ఊపిరి చప్పుడు కూడా లేదు. బావ అంచు మడిచి ఒక కుట్టు వేశాడు... ఇంకోటి వేశాడు... చీకట్లో గురి తప్పి, సూది గుడ్డ దాటి లోపలికి దిగింది.

"అమ్మా," అంది దెయ్యం.

ఆ పక్కన ఉన్న దెయ్యాలు తలో దిక్కూ పడ్డాయి. ఒకటి రేకు డబ్బాలో కాలు పెట్టింది. ఇంకోటి దగ్గు ఆపుకోలేకపోయింది. ఆ దగ్గు బావకి తెలుసు, వీధి వీధంతటికీ తెలుసు. రిటైరైన పోస్టుమాను దగ్గు. టార్చి వెలిగింది.

నలుగురు ముసలాళ్ళు. అందరూ ఆ క్లాసువాళ్ళే. పోయిన స్నేహితుల జ్ఞాపకార్థం ఏటా బడిపిల్లల ముందు కవాతు చేస్తారు. పోయినేడు కుడికి తిరగమంటే ఇద్దరు ఎడమకి తిరిగి, మూతులు మూతులు గుద్దుకున్నారు. పిల్లలు పడీ పడీ నవ్వారు. అందుకని ఈసారి ఎవరి కంటా పడకుండా చీకట్లో సాధన చేస్తున్నారు.

బావ పట్టుకున్న కాలు నిచ్చెన అనే స్నేహితుడిది. ఒకప్పుడు క్లాసు మొత్తంలో పొడుగు వాడే, అందుకే ఆ పేరు. దెయ్యం వచ్చి ప్యాంటు పట్టుకుందనుకుని గుండె ఆగినంత పనైందట వాడికి.

"వాడి ప్యాంటు నీ ఒంటిమీదికి ఎలా వచ్చిందిరా?" అన్నాడు బావ.

రైల్లోనే మార్చుకున్నాం, నాది నాకు పొట్టిగా కుట్టావు కదా అన్నాడు నిచ్చెన, మడమ రుద్దుకుంటూ. నా కొలత ఎన్నడూ తప్పదని బావ లేచాడు. తప్పలేదురా బాబూ, అప్పుడు నేనింకా పెరుగుతున్నాను, ఇప్పుడు తరుగుతున్నాను, అందుకే నేలకి ఈడుస్తోంది అన్నాడు వాడు. నిదానం గుర్తుగా దాచుకుని, కవాతుకి మాత్రం తీసి వేసుకుంటాడట.

బావ సూది వంకే చూస్తూ అడిగాడు.

"మరి వాడు... కాలికి గుడ్డ తగిలి పడలేదా?"

ఎవరూ నవ్వలేదు. పోస్టుమాను టార్చి కిందికి దించాడు.

"అక్కడ అందరికీ పటాలం ప్యాంట్లేరా. వాడు పడలేదు, అసలు పరిగెత్తనే లేదు. వంతెన మీద వెనకనుంచి కాలుస్తున్నారు. వాడు చివర నిలబడి మమ్మల్ని ఒక్కొక్కణ్ణీ ముందుకి నెట్టాడు. మీరు పదండ్రా, నేను వస్తాగా అన్నాడు. వంతెన కూలేసరికి మేం ఇవతల ఉన్నాం."

బావ మళ్ళీ నిచ్చెన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండో కాలు కూడా ముందుకి పెట్టమన్నాడు. టార్చి సరిగ్గా పట్టుకోమని పోస్టుమానుని కసిరాడు. దగ్గర దగ్గరగా కుట్లు వేసి, పళ్ళతో దారం తెంపాడు. తర్వాత వాళ్ళ కవాతు చూసి, అన్నం తినే చెయ్యేదో కూడా తెలియని వెధవలు అని తిట్టాడు. అయితే నువ్వే వచ్చి చూపించరా అన్నారు వాళ్ళు. వెళ్ళి వరసలో చివర నిలబడ్డాడు. తెల్లారి ఇంటికొస్తే మా అక్క ఇంకా గుమ్మంలోనే కూర్చుని ఉంది.

ఇక నేను అడిగేది ఒకటే. కొత్త బడి హెడ్మాస్టరుగారు ఏటా ఆ కవాతు రోజు మైకు పట్టుకుని, నిదానం అందరికంటే ముందుకి దూకాడని చెబుతున్నారు. తప్పని నేను ఆయన మొహం మీదే చెప్పాను. సంతకం కూడా కుదురుగా రానివాడివి నీకేం తెలుసన్నట్టు చూశారు. ఆ చూపు నేను మర్చిపోను. చదువుకున్నవాళ్ళు ఎవరైనా వెళ్ళి ఆయన చేత మాట దిద్దించండి. నిదానం ముందు లేడు. అందరికంటే చివర ఉన్నాడు. అలాగే చెప్పాలి.