చివరి సిగ్గు

"నవల చదివినవాళ్లు చేతులెత్తండి," అన్నాడు చీఫ్.

బ్రీఫింగ్ రూంలో అన్ని చేతులూ లేచాయి. అందరికంటే ముందు ఏజెంట్ డేగ చెయ్యి లేచింది. పచ్చి అబద్ధం. కాలేజీలో అతను చదివింది పరీక్షల గైడు మాత్రమే.

స్క్రీన్ మీద శత్రుముఠా మెసేజ్ వెలిగింది: "చివరి సిగ్గు. ఈ సాయంత్రం."

ఆ విదేశీ ముఠా కోడ్ ఒక పాత నవల. అందులో "సిగ్గు" అన్న మాట ఏ సీనులో వస్తే, అలాంటి చోట బాంబు. బజారులో మామ హీరోని "సిగ్గులేదూ?" అని కడిగేస్తాడు, బజారు పేలింది. ప్లాట్‌ఫారం మీద స్నేహితుడు అదే మాట అంటాడు, రైల్వేస్టేషన్ పేలింది. ఈ గుట్టు విప్పిన లెక్చరరమ్మ ఒకప్పుడు డేగకు పాఠం చెప్పిన మనిషే. ఇప్పుడు ఆసుపత్రిలో ఒళ్లెరగని జ్వరంతో ఉంది.

"చివరిసారి ఆ మాట ఎక్కడొస్తుంది?" అడిగాడు చీఫ్.

"కోర్టులో సార్. జడ్జి అంటాడు," అన్నాడు డేగ తడుముకోకుండా.

పుస్తకం తెప్పించి చూద్దామని ఒక్కరూ అనలేదు. అంటే చదవలేదని బయటపడిపోదూ? తేలు కుట్టిన దొంగల్లా అందరూ తలలూపారు.

సాయంత్రానికి టీమంతా కోర్టులో దిగింది. డేగ లాయరు వేషంలో ఉన్నాడు. నల్లకోటు, గుండీలో కెమెరా, కాలర్లో మైకు. స్టెనోగ్రాఫర్ అతని పక్కకొచ్చింది. అందగత్తె, రెండు వైపులా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్.

"కోటు బాగుంది. ఇక్కడేం పని?"

"చివరి సిగ్గు..."

"జడ్జి ఆ మాట అనడు. అది గైడు రాసినవాడి కల్పన. నువ్వు నవల చదవలేదు కదూ?"

డేగకు తల కొట్టేసినట్టయింది. మైకులో టీమంతా వింటున్నారు. మైకు ఆపేస్తే పరువు దక్కుతుంది, కానీ టీము ఇక్కడే ఉండిపోతుంది.

"చదవలేదు," అన్నాడు మైకు దగ్గరగా. "అబద్ధం చెప్పాను. చివరిది ఎక్కడ?"

"ఆసుపత్రిలో, మంచం పక్కన. మావాళ్ల గురి మీ లెక్చరరమ్మ. ఆ పుస్తకమంటే నాకు ప్రాణం. దాంతో ఆవిణ్ణి చంపడం నావల్ల కాదు. పరిగెత్తు!"

ఆసుపత్రి మెట్లెక్కుతున్నంతసేపూ డేగ తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. మంచం కింద ఎర్రలైటు గబగబా కొట్టుకుంటోంది. నేలమీద పడుకుని పెన్ను మూత తిప్పాడు. కట్టర్ బయటికొచ్చింది. వైరు తెగింది. లైటు ఆఖరిసారి మిణుక్కుమని ఆరిపోయింది.

అతను అక్కడే, తల వంచుకుని కూర్చుండిపోయాడు. అలికిడికి లెక్చరరమ్మ కళ్లు తెరిచింది.

"మేడం, నా వల్ల మీ ప్రాణం పోయేది. నేనా నవల..."

"చదవలేదని అప్పుడే తెలుసు. నీ ఆన్సర్ పేపరు నిండా గైడేగా. తలెత్తరా. నా దగ్గర సిగ్గెందుకు?"

డేగకు ఏడుపు ఆగలేదు.

"నవలంతా ఆ మాటతో హీరోని కొడతారు," అందావిడ నీరసంగా. "మంచాన పడ్డ తల్లి ఒక్కతే ఇలా అడుగుతుంది. ఆఖరి పేజీ. చదివుంటే తెలిసేది."

చెవిలో ఇయర్‌పీస్ గరగరలాడింది. చీఫ్ గొంతు సవరించుకున్నాడు.

"డేగా, నీమీద యాక్షన్ తప్పదు. వచ్చేటప్పుడు ఆ పుస్తకం పట్రా. టీముకంతటికీ తలొకటి... నాక్కూడా."