కోపంలో దొరికిన ఉదాహరణలు

పిచ్చుక వంటింటి గుమ్మం మీద కూర్చుని ఇంగ్లీషు పాఠం బట్టీ పడుతోంది. ఆ రోజు స్కూల్లో పరీక్ష. తల్లి ఒక కన్ను గడియారం మీద, ఒక చెవి కూతురి మీద ఉంచి డబ్బాలో రొట్టె ముక్కలు సర్దుతోంది. సింకు మీది కుళాయి ఎప్పట్లాగే కారుతోంది. ముందు గదిలో పిచ్చుక నాన్న మాస్టారు పేపరు తిరగేస్తున్నారు.

ఆయన బడి ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. అయినా వీధిలో అందరికీ మాస్టారే. ఇప్పుడు ఇంట్లో కూర్చుని పిల్లలకి ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకాలు రాస్తున్నారు. ఈ మధ్య అచ్చయింది ప్రిపోజిషన్ల మీద. ఏ మాట పక్కన 'ఆఫ్' వస్తుంది, ఏ మాట పక్కన 'విత్' వస్తుంది అన్నది సూత్రాలతో తేలదు, మనుషులు మాట్లాడుతుంటే వినాలి అన్నది ఆయన వాదన. అందుకే ముందుమాటలో బల్లగుద్ది రాశారు: ఇందులో కల్పించిన వాక్యం ఒక్కటీ లేదు, ప్రతిదీ ఎవరో ఒకరు నిజంగా అన్నదే. పిచ్చుక స్కూలు వాళ్లు ఆ పుస్తకాన్నే పాఠంగా పెట్టారు.

"'అయామ్ ఫెడప్ విత్ దిస్ ట్యాప్.' ఈ కుళాయితో విసిగిపోయాను. ఫెడప్ పక్కన విత్," అంది పిచ్చుక.

తల్లి నవ్వింది. "నాలాంటిది ఇంకొకత్తి ఉందన్నమాట లోకంలో. తర్వాత?"

పిచ్చుక నవ్వలేదు. "'అయామ్ టైర్డ్ ఆఫ్ టాకింగ్ టు ఎ వాల్.' గోడతో మాట్లాడి మాట్లాడి అలసిపోయాను. టైర్డ్ పక్కన ఆఫ్."

రొట్టె ముక్క ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట తనదే. పోయిన ఏడు ఇదే సింకు దగ్గర నిలబడి, ముందు గదిలోని మనిషి మీద విసిరింది.

ఆమె ఒక హోటల్లో రిసెప్షన్ చూస్తుంది. రోజంతా ఫోన్లో ఇంగ్లీషే. ఇంట్లో మామూలు మాటలు తెలుగులోనే నడుస్తాయి గానీ, కోపం నెత్తికెక్కితే మాత్రం ఇంగ్లీషు దూకుతుంది. తెలుగులో తిడితే పిల్ల పట్టేస్తుందని మొదలుపెట్టిన అలవాటు అది. పిల్ల ఇంగ్లీషు నేర్చుకున్నాక కూడా పోలేదు.

"ఇటివ్వు," అని పుస్తకం లాక్కుంది. తడి చేతులతోనే పేజీలు తిప్పింది. ఎక్కడ చూసినా తన గొంతే. సోఫా మీద వదిలేసిన తువ్వాలు గురించి అన్నది. ఆడపడుచు వచ్చి వెళ్లిన రోజు అన్నది. జ్వరంతో పడుకుని, మంచినీళ్లు అడిగి అడిగి చివరికి అరిచినది. దాని కింద గీత గీసి, 'ఆస్క్ పక్కన ఫర్' అని ఉంది.

పాఠం చివర ఒక వాక్యాన్ని గడి కట్టి వేశారు. 'విల్ యు కమ్ విత్ మి, ఆర్ షల్ ఐ గో వితౌట్ యు?' నాతో వస్తారా, మీరు లేకుండానే వెళ్లనా? దాని కింద మాస్టారి గమనిక: విత్, వితౌట్ రెండూ ఒకే చోట ఇమిడిన చక్కని ఉదాహరణ.

హోటల్ యజమాని ఇంకో ఊళ్లో ఇంకో హోటల్ కడుతున్నాడు. పునాదులు తీసినప్పుడే ఆమెను పిలిచి, నడిపించే బాధ్యత నువ్వే తీసుకో అన్నాడు. ఆమె ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. ఒకసారి కాదు. ఓపిక నశించిన రోజున ఇంగ్లీషులో అడిగేసింది. మాస్టారు తల ఎత్తి, "మళ్లీ అను," అన్నారు. ఆయన ముఖం వెలగడం చూసి ఆమె ఆశపడింది. మళ్లీ అంది. ఆయన తలూపి లోపలి గదిలోకి వెళ్లారు. ఆలోచించుకోవడానికి వెళ్లారనుకుంది. ఇప్పుడు ఆ హోటల్ గోడలకి రంగులు కూడా పడ్డాయి. ఈ సాయంత్రంలోగా వస్తుందో రాదో చెప్పమని యజమాని గట్టిగా అడిగాడు.

"నిన్న క్లాసులో ఆ గడి కట్టిన వాక్యం నా చేతే చదివించారమ్మా," అంది పిచ్చుక. "మీ నాన్నగారి పుస్తకం కదా, ఈ మాటన్నావిడెవరో తెలుసా అని టీచర్ అడిగారు. అందరూ నవ్వారు. నేను తెలీదన్నాను."

ఆమె ముందు గదిలోకి వెళ్లి ఆయన చదువుతున్న పేపరు మీద పుస్తకం పడేసింది.

"పొద్దున్నే ఏమిటీ వీరంగం?" అన్నారు మాస్టారు.

"ఇవి ఎవరి మాటలు?"

ఆయన పేజీ చూశారు. సిగ్గుపడతారనుకుంది. సంబరపడ్డారు. "నీవే! ఇప్పుడా చూడటం? అచ్చులో బాగా వచ్చాయి కదూ? పేరు ఎక్కడా వేయలేదులే."

"పేరు వేయకపోతే నోరు నాది కాకుండా పోతుందా? నన్నడిగారా?"

"అడిగితే నువ్వు ఆచితూచి మాట్లాడతావు. అప్పుడు ఆ సహజత్వం ఎక్కడుంటుంది? నేను మెచ్చుకున్నాననే కదే దీనర్థం."

"జ్వరంతో మూలుగుతుంటే కాగితం కలం పట్టుకుని మెచ్చుకున్నారా? నీళ్లెవరు తెచ్చారు? పిచ్చుక తెచ్చింది!"

"అరవకు. పక్కింటికి వినపడుతుంది."

"స్కూలు స్కూలంతా చదువుతోంది. పక్కింటివాళ్లేం పాపం చేశారు?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడిచారు. వంటింట్లోంచి కుళాయి చుక్కల చప్పుడు వినిపిస్తోంది. ఆమె అటు చూసింది, మళ్లీ ఆయన వైపు చూసింది.

"ఆ కుళాయి ఎందుకు బాగు చేయించలేదు?"

"ప్లంబరు దొరకాలి కదా."

"ప్లంబరు ఫోన్ చేశాడమ్మా, పోయిన సెలవుల్లో," అంది పిచ్చుక గుమ్మంలోంచి. "నాన్నే ఇప్పుడొద్దన్నారు."

ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకి ఆనుకుంది. "నేను తిడతానని ఆపారు. తిడితే మీకు వాక్యాలు దొరుకుతాయని."

"అదేం కాదు... ఇంకా ఒకటి రెండు ఉదాహరణలు తక్కువయ్యాయి, అంతే," అన్నారు మాస్టారు. తన మాట తన చెవినే పడ్డాక ఆయన తల దించుకున్నారు.

"నేను కడుపు మండి మాట్లాడుతుంటే, మీరు పక్కన ఆఫ్ ఉందా విత్ ఉందా అని చూశారు. ఇన్నాళ్లూ మీరు వినట్లేదనుకున్నాను. వినకపోయినా బాగుండేది. అక్షరం పొల్లుపోకుండా విన్నారు!" ఆమె గడి కట్టిన వాక్యం మీద వేలు పెట్టింది. "ఇది చదవండి. పైకి."

ఆయన చదివారు.

"మీకది ఉదాహరణ. నేనడిగింది నిజంగా. జవాబు కోసం చూసి చూసి నా కళ్లు కాయలు కాశాయి. ఇక చూడను. సాయంత్రం హోటల్ వాళ్లకి వస్తానని చెప్పేస్తున్నాను. పిచ్చుక నాతో వస్తుంది. మీకు కావలసిన కుళాయి ఇక్కడే ఉంటుంది."

ఆమె సంచి భుజాన వేసుకుని, పిల్లను స్కూలు దగ్గర దింపి, హోటల్‌కి వెళ్లిపోయింది.

ఆ రోజు ఆమె ఒక అతిథికి వేరేవాళ్ల గది తాళం ఇచ్చింది. ఇంకొకరి సామాను పై అంతస్తుకి బదులు కిందికి పంపింది. మధ్యాహ్నం దాటాక యజమాని గది వైపు వెళ్లబోతుంటే రిసెప్షన్ ఫోన్ మోగింది. కలం చేతిలోకి తీసుకుని, హోటల్ పేరు, రోజూ చెప్పే పలకరింపు చెప్పింది.

"నేనే," అన్నారు మాస్టారు.

పెళ్లయినప్పటి నుంచీ ఆయన హోటల్‌కి ఫోన్ చేయడం ఇదే మొదలు.

"స్కూలుకి వెళ్లాను. పరీక్ష అయ్యాక టీచర్నడిగి క్లాసులోకి వెళ్లాను. ఆ మాటలు మా ఆవిడవి, ఆవిడనడక్కుండా వాడుకున్నాను, తప్పు నాది అని పిల్లలకి చెప్పాను. పిచ్చుక ముందే చెప్పాను. ఒక పిల్లాడు లేచి, మరి ఆవిడకి జవాబేం చెప్పారు సార్ అనడిగాడు. నా దగ్గర జవాబు లేదు."

ఆమె ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"నేను రాసుకునేది ఎక్కడైనా రాసుకోవచ్చు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టాల్సింది. వస్తాను."

ఎదురుగా ఒక అతిథి తాళం కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు అడ్డుపడి ఆమెకు అతను మసకగా కనిపించాడు.

"మళ్లీ అనండి," అంది.

"నీతో వస్తాను."

ఆమె కలం కింద పెట్టేసింది. "కోపం తగ్గిందనుకోకండి," అంది. "ఇంటికొచ్చాక తెలుగులోనే తిడతాను. ప్లంబరుకి ఫోన్ చేశారా?"

"వచ్చాడు. వంటింట్లో ఉన్నాడు. విను."

ఆయన ఫోను అటు తిప్పారు. ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏ చుక్కా వినిపించలేదు.