ఒక్క దమ్ము

అద్దంకి దాటి కొంచెం దూరం వెళ్తే రోడ్డుకి ఎడంపక్కన ఆ డిగ్రీ కాలేజీ కనపడేది. చుట్టూ పత్తి చేలు, మిరప చేలు. ఒకప్పుడు అదంతా ఎవరో పొగాకు షావుకారు ఆవరణ. ఆయన వారసులు అమ్ముకుని పోతే ఓ ట్రస్టు వాళ్లు కొన్నారు. గోడౌన్లలో గోడలు లేపి క్లాసు గదులు చేశారు. ఎన్నిసార్లు సున్నం కొట్టించినా, వాన పడితే చాలు, ఆ గోడలు పొగాకు వాసనేసేవి. పిల్లలకి ఆ వాసన అలవాటైపోయింది.

అలవాటు కానిది ఒక్క రెబ్కా మేడానికే. ఆమె బోటనీ చెప్పేది. మిరపా పొగాకూ ఒకే కుటుంబం మొక్కలని చెప్పే రోజున, "ఒకటి నోరు మండిస్తుంది, రెండోది కొంప మండిస్తుంది" అని ప్రతి ఏడూ అనేది. అన్నప్పుడు పిల్లలు నవ్వేవాళ్లు, ఆమె నవ్వేది కాదు. ఆమె తండ్రి యేసుపాదం నోట్లో చుట్ట తీయకుండానే బతికాడు. చివర్లో రెండు మాటలు కలిపి మాట్లాడలేక, పడుకుంటే ఊపిరాడక, కూర్చుని నిద్రపోతూ కూర్చునే పోయాడు. తల్లి కొండమ్మ మిరప కోతలకి పోయి ఇద్దరు పిల్లల్నీ సాకింది. కూతురు లెక్చరరైంది. కొడుకు జోసఫ్ అక్క దగ్గరే క్వార్టర్సులో ఉండి అదే కాలేజీలో చదువుతున్నాడు. వాడు సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చేవాడు. తెల్లారి పెరట్లో వాడు దగ్గుతుంటే రెబ్కాకి చచ్చిపోయిన తండ్రే అక్కడ నిలబడి ఉన్నట్టుండేది.

1988 ఏప్రిల్లో, ప్రపంచమంతా ఒకరోజు పొగాకు ముట్టకూడదని రేడియోలో చెప్పారు. ఆ మాట పట్టుకుని రెబ్కా ప్రిన్సిపాల్ జక్రయ్య గారి వెంటపడింది. సెలవుల తర్వాత కాలేజీ తెరిచేసరికి గేటు దగ్గర బోర్డు వెలిసింది: 'ఈ ఆవరణలో పొగ తాగరాదు.' స్టాఫ్ రూములో బూడిద గిన్నెలు మాయమయ్యాయి. హిస్టరీ మేష్టారు ఆమెతో మాట్లాడటం మానేశాడు. గేటెదుట బడ్డీ కొట్టతను వచ్చేపోయేవాళ్లందరికీ వినపడేలా శాపనార్థాలు పెట్టాడు.

అయితే వద్దన్నంత మాత్రాన మానేది కాదని రెబ్కాకి తెలుసు. మానాలనుకునేవాడికి ఎవరో ఒకరు తోడుండాలి. అందుకే ఆవరణ చివర పాడుపడి ఉన్న పొగాకు బ్యారన్ని శుభ్రం చేయించింది. పచ్చాకుని కర్రలకి కట్టి పైన వరసలుగా వేలాడదీసి, కింద పొయ్యి రాజేసి ఆ వేడికి ఆకుని పండబెట్టే ఎత్తైన ఇటుకల గది అది. కిటికీల్లేవు. అందులో చాపలు పరిపించి, మంచినీళ్ల కుండ, వాము సీసా పెట్టింది.

"ప్రాణం లాగినప్పుడు ఇక్కడికొచ్చి కూర్చోండి. కాస్త వాము నమలండి. కాసేపు ఓర్చుకుంటే ఆ కోరిక వచ్చినట్టే పోతుంది" అని పిల్లలకి చెప్పింది.

అది పనిచేసింది. చిత్రంగా పనిచేసింది! ఒంటరిగా వెళ్లి కూర్చున్న కుర్రాడల్లా బయటికొచ్చి, జేబులో పెట్టె తీసి చెత్తలో పారేసేవాడు. వాలీబాల్ టీములో పేరున్న రంజాన్ అయితే ఒక్క పూటలో మానేశాడు. జక్రయ్య గారు అందరి ముందూ రెబ్కాని మెచ్చుకున్నారు.

మాననిది ఇంట్లోవాడే.

నవంబరులో ముసురు పట్టింది. విచ్చుకున్న పత్తి చేలోనే తడిసి నల్లబడుతోంది. ఓ మధ్యాహ్నం జోసఫ్ చేతిగుడ్డలో దగ్గితే ఎర్రగా మరక పడింది. వాడు దాచబోయాడు. రెబ్కా చూసేసింది.

"ఒరేయ్, నాన్న ఎట్టా పోయాడో నీకు గుర్తులేదు. నేను చూశాన్రా. నా కోసం కాకపోతే అమ్మ కోసమన్నా వెళ్లి ఆ గదిలో కూర్చో. నీ కాళ్లు పట్టుకుంటా."

జోసఫ్ చేతిగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వెళ్తాలే అక్కా. కానీ బయట గడియ పెట్టు. లేకపోతే లేచి బడ్డీ కొట్టుకి పోతాను. నా సంగతి నాకు తెలుసు."

గొడుగు పట్టి తీసుకెళ్లింది. తన చేత్తోనే గడియ పెట్టింది.

ల్యాబుకి తిరిగొచ్చేసరికి కరెంటు పోయింది. మధ్యాహ్నమే దీపాలు పెట్టే వేళలా చీకటి కమ్మింది. పిల్లల్ని పంపేసి తలుపు వెయ్యబోతుంటే, వరండాలో ఎవరో రొప్పుతూ వస్తున్న చప్పుడు. రంజాన్. నాలుగడుగులు వెయ్యడం, గోడ పట్టుకుని ఆగడం. మళ్లీ నాలుగడుగులు.

"ఏంట్రా ఇది? ఒంట్లో బాగాలేదా?"

"జోసఫ్‌ని... బ్యారన్లోకి పంపారా మేడం? ఒక్కణ్ణేనా?"

"అవును. ఏం?"

వాడి ముఖం పాలిపోయింది.

"అక్కడ ఒకడు అడుగుతాడండీ. చీకట్లోంచి. 'ఒక్క దమ్ము... ఒక్క దమ్మియ్యి...' అని. మనోడెవడోలే అనుకున్నాను. నా దగ్గర సిగరెట్టు లేదన్నాను." రంజాన్ ఆగి గాలి పీల్చుకున్నాడు. "'సిగరెట్టు ఎవడడిగాడు?' అన్నాడండీ."

రేకుల మీద వాన ఒక్కసారిగా జోరందుకుంది.

"నువ్వేమన్నావు?"

"భయమేసి ఊఁ అన్నాను. అప్పట్నుంచి సిగరెట్టు మీద ధ్యాసే లేదు. ఊపిరి కూడా... సగమే ఉంది మేడం."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మానేశానని మా అమ్మ దర్గాలో ఫాతిహా చదివించిందండీ. ఆమెకేమని చెప్పను?"

రెబ్కా చివరి మాట వినలేదు. అప్పటికే వానలోకి దూకింది. నల్లరేగడి బురద చెప్పుల్ని పట్టేసుకుంది. వదిలేసి ఉత్త కాళ్లతో పరిగెత్తింది. ఎన్నిసార్లు పడిందో తెలీదు. బ్యారన్ తలుపుకి చెవి ఆనించింది.

దగ్గు లేదు. మాట లేదు. లోపల ఎవరో ఊపిరి వదులుతున్నారు... ఇంకెవరో పీలుస్తున్నారు.

తడికి బిగుసుకుపోయిన గడియని రాయి పెట్టి కొట్టింది. తలుపు తెరుచుకుంది. ఏళ్ల తరబడి పొయ్యి వెలగని ఆ గదిలోంచి వేడిగాలి ముఖానికి కొట్టింది. దాంతోపాటే పండిన పొగాకు తీపి వాసన. గొంతులో పేరుకునేంత చిక్కగా.

"జోసఫ్!"

గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. ఊపిరి వదులుతున్నాడు. వదులుతున్నాడు... వదులుతూనే ఉన్నాడు. పీల్చడం లేదు. డొక్కలు లోపలికి అతుక్కుపోయాయి. కళ్లు మాత్రం అక్కని చూస్తున్నాయి.

చంకల కింద చేతులేసి లాగింది. కదల్లేదు. చెంపలు వాయించింది. గుండెల మీద గుద్దింది. ప్రభువా అనుకుంటూ మళ్లీ లాగింది.

"వదిలెయ్! నా తమ్ముణ్ణి వదిలెయ్!"

పైన... ఆకు వేలాడదీసే కర్రల దగ్గర... ఎండాకు నలిగినట్టు ఓ గొంతు.

"ఒక్క... దమ్ము..."

జోసఫ్ పెదాలు నీలంగా మారుతున్నాయి. రెబ్కా చేతులు పిచ్చిగా వాడి జేబులు వెతికాయి. దొరికింది. నలిగిన సిగరెట్టు పెట్టె, అగ్గిపెట్టె. మానడానికి వస్తూ కూడా వదల్లేకపోయాడు పిచ్చి సన్నాసి! పుల్ల గీసింది. విరిగింది. ఇంకోటి... తుస్సుమంది. ఇంకోటి.

వెలిగింది.

తండ్రిని తిన్న నిప్పుని జీవితంలో మొదటిసారి నోట పెట్టుకుంది. గట్టిగా లాగింది. గుండెలో కారం పోసినట్టైంది. కళ్ల వెంట నీళ్లు కారుతుండగా పొగంతా పైకి ఊదింది.

"ఇదిగో నీ దమ్ము... తీసుకో! ఇంకా కావాలన్నా ఇస్తాను. వాణ్ణి మాత్రం వదిలెయ్..."

పొగ చెదరలేదు. పైకి పోలేదు. ఎవరో తల వంచి చూస్తున్నట్టు వాళ్లిద్దరి మీదా నిలబడింది. బయట రంజాన్ "మేడం! మేడం!" అని పిలుస్తున్నాడు.

అప్పుడు జోసఫ్ ఊపిరి పీల్చాడు. ఒక్క పెద్ద ఎగశ్వాస. ఆ పొగంతా, ఒక్క పాయ కూడా మిగలకుండా, వాడి నోట్లోకి వెళ్లిపోయింది.

గది చల్లబడింది.

"అక్కా..." అన్నాడు.

రెబ్కా, రంజాన్ చెరో రెక్కా పట్టి వాడిని వానలోకి ఈడ్చుకొచ్చారు.

మర్నాడే బ్యారన్ తలుపుకి అడ్డంగా ఇటుకలు కట్టించింది. ఎందుకమ్మా అని జక్రయ్య గారడిగితే, పైకప్పు కూలేట్టుందండీ అంది. గేటు దగ్గర బోర్డు మాత్రం తియ్యనివ్వలేదు. మానాలనుకునే పిల్లలు ఆ తర్వాత ఆమె క్వార్టర్సు వరండాలో, ఎండపొడ తగిలే చోట, నలుగురూ కలిసి కూర్చుని వాము నమిలేవాళ్లు. కొందరు మానేవాళ్లు, కొందరు మళ్లీ మొదలెట్టేవాళ్లు. రంజాన్ చదువాపి కనిగిరి వెళ్లిపోయాడు. ఇంటి గుమ్మం దిగలేకపోతున్నాడని కబురొచ్చింది.

జోసఫ్ మాత్రం భేషుగ్గా ఉన్నాడు. దగ్గు లేదు, రక్తం లేదు. సిగరెట్టు మాటే మర్చిపోయాడు. కొండమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పి ఏడ్చింది. ఎందుకైనా మంచిదని రెబ్కా వాణ్ణి ఒంగోల్లో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పెద్దాయన. వీపు మీద స్టెతస్కోపు ఆనించి నిదానంగా విన్నాడు.

"పీల్చు... వదులు... బాగుందమ్మా, చాలా బాగుంది. ఏదీ, కాసేపు ఊపిరి బిగబట్టు బాబూ."

జోసఫ్ ముక్కు కూడా మూసుకుని బిగబట్టాడు.

డాక్టరు తల ఇంకాస్త వంచాడు. నొసలు ముడిపడ్డాయి. "బిగబట్టమన్నాను."

"బిగబట్టే ఉన్నాడండీ" అంది రెబ్కా.

ఆయన జోసఫ్ ముందుకొచ్చి వాడి ముఖంలోకి చూశాడు. మళ్లీ వెనక్కెళ్లి విన్నాడు. తర్వాత గొట్టాలు చెవుల్లోంచి తీసి రెబ్కాకి అందించాడు.

ఆమె చెవుల్లో పెట్టుకుంది. తమ్ముడు బుగ్గలు పూరించి, ముక్కు మూసుకుని ఆమెకేసే చూస్తున్నాడు.

వాడి వీపు లోపల ఎవరో... తీరిగ్గా, తృప్తిగా... ఊపిరి పీలుస్తున్నారు.