ఇరవై ఏడు మెగాహెర్ట్జ్‌లో మృత్యువు

ఎర్రగుంట్ల లారీల స్టాండులో మిట్టమధ్యాహ్నం లక్ష్మన్నను కాల్చేశారు.

చనిపోయే ముందు అతను కూడా ఒకణ్ణి చంపాడు. వాడు ఒక విదేశీ ముఠా పంపిన రేడియో టెక్నీషియన్. రెండు సిమెంటు లారీల సందులో వాడి మెడ విరిచి లక్ష్మన్న పైకి లేచేసరికి ఒక గుండు పొత్తికడుపులో దిగింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండో గుండు నుదుట తగిలింది. ఆ రెండోది కాల్చింది ఒక ఆడమనిషి అనీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుందనీ, తొందరేమీ లేకుండా నడిచి వెళ్ళి ఒక ఎస్‌యూవీ ఎక్కిందనీ లారీ క్లీనర్ ఒకడు పోలీసులకు చెప్పాడు.

మర్నాడు ఉదయం కర్నూలులో, బయట విత్తనాల కంపెనీ బోర్డు వేలాడుతున్న ఒక ఆఫీసు వెనకగదిలో నిఘా బ్యూరో చీఫ్ వీరభద్ర తలుపు గడియ వేశాడు. ఎదురుగా ఏజెంట్ హనుమేష్ కూర్చుని ఉన్నాడు.

"లక్ష్మన్న నీకు బాగా తెలుసు గదా?"

"ట్రైనింగ్‌లో ఒకే గది సార్. వాడి పెళ్ళికి తోడు పెళ్ళికొడుకును నేనే."

వీరభద్ర టేబుల్ మీద ఒక ఫొటో పెట్టాడు. ఎండకు కమిలిన తెల్ల ముఖం, తెగిన చెవి.

"హెన్రీ. ఆఫ్‌రోడ్ ర్యాలీ నిర్వాహకుడినని చెప్పుకుంటాడు. అసలు పని కిరాయి హత్యలు. నల్లమల చుట్టుపక్కల ఎక్కడో బాంబులు పెట్టించాడు. ఎక్కడో తెలీదు, ఎవరి కోసమో తెలీదు. లక్ష్మన్న పంపిన చివరి మెసేజ్ ఇది: ఇరవై ఏడు మెగాహెర్ట్జ్, సీబీ రేడియో, బండికి ఆంటెన్నా."

"విదేశాల్లో లారీ డ్రైవర్లు మాట్లాడుకునే రేడియో. దాంతోనా?"

"అదే వాడి తెలివి. కాన్వాయ్‌లలో మన జామర్లు సెల్‌ఫోన్లను చంపుతాయి. ఈ పాత రేడియో జోలికి ఎవడూ పోడు. బండి మీద మంచి ఆంటెన్నా ఉంటే చాలు, కొండ మీద కూర్చుని కింద లోయలో బాంబు పేల్చొచ్చు. కానీ ఆంటెన్నా బిగించాల్సినవాణ్ణి లక్ష్మన్న చంపేశాడు. చెన్నై నుంచి ఇంకొకణ్ణి పిలిపించారు. పేరు ప్రవీణ్. ఇందాకే రైల్లో పట్టుకున్నాం. వాడి బదులు నువ్వు దిగుతావు."

"వాణ్ణి ఎవరైనా చూసుంటే?"

"లేదనే అనుకుంటున్నాం."

"అనుకుంటున్నామా సార్?"

వీరభద్ర టూల్ కిట్ ముందుకు జరిపాడు. అందులో ఆంటెన్నా పనితీరు కొలిచే మీటర్ ఒకటి ఉంది. దాని అడుగున అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్. హనుమేష్ ఎక్కడున్నదీ బ్యూరోకు చెబుతూ ఉంటుంది. పిస్తోలు మాత్రం ఇవ్వలేదు.

ఎర్రగుంట్ల స్టేషన్ బయట చింపిరి మీసాల మనిషి ఒకడు ఎదురొచ్చాడు. నడుముకు వేటకొడవలి, దాని మీద తువ్వాలు. బాంబులు చుట్టడంలో ఆ ప్రాంతంలో పేరున్న తిమ్మయ్య అతనే.

"ఏమప్పా, ఈడ దిగినావా, కమలాపురంలో దిగినావా?"

అది ప్రవీణ్ నోట రాబట్టిన కోడ్.

"దిగలేదు, నిద్రపోయి దాటిపోయినా" అన్నాడు హనుమేష్.

తిమ్మయ్య నవ్వాడు. "శానా సేపు నుంచి సూస్తాండా. పద."

ఊరి బయట మూతపడిన బండల పాలిష్ ఫ్యాక్టరీ. రేకుల షెడ్డులో ఎత్తయిన టైర్ల ఎస్‌యూవీ నిలబడి ఉంది. దాని పక్కన హెన్రీ. బానెట్ మీద చెయ్యి ఆనించి, నల్ల కళ్ళద్దాలు తలపైకి నెట్టుకుని ఒక యువతి నిలుచుంది. కాటన్ చొక్కా, జీన్స్, చెవులకు చిన్న వజ్రాలు. ఆ వేడిలో కూడా ఆమె ముఖాన చెమట లేదు.

"భువనా, చెన్నైలో నువ్వు ప్రవీణ్‌ను కలిశావుగా? వీడేనా?" హెన్రీ ఇంగ్లీషులో అడిగాడు.

హనుమేష్ వేళ్ళు కిట్‌లోని స్క్రూడ్రైవర్ మీద బిగుసుకున్నాయి.

భువన అతన్ని తల నుంచి కాళ్ళ దాకా తాపీగా చూసింది.

"వీడే" అంది.

ఎందుకు అబద్ధం చెప్పిందో ఆలోచించడానికి వ్యవధి లేదు. హనుమేష్ పనిలో దిగాడు. బానెట్ అంచున ఇనప బ్రాకెట్, దాని మీద స్ప్రింగ్, స్ప్రింగ్ మీద మనిషెత్తు ఉక్కు తీగ. అడవిలో కొమ్మ తగిలితే విరగకుండా వంగి మళ్ళీ లేవడానికే ఆ స్ప్రింగ్. బ్రాకెట్ కింద పెయింట్ గీకి, ఇనుము ఇనుముకు తగిలేలా బిగించాలి. అప్పుడే బండి బాడీ మొత్తం ఆంటెన్నాకు రెండో సగంలా పనిచేస్తుంది. ఆ తగులు లేకపోతే సిగ్నల్ గడప దాటదు.

హనుమేష్ పెయింట్ గీకాడు, తిమ్మయ్య చూస్తుండగానే. కానీ బోల్టు ఎక్కించేటప్పుడు అరచేతిలోంచి ఒక పల్చటి రబ్బరు వాషర్ కిందకి తోశాడు. కేబుల్‌ను డ్యాష్‌బోర్డు లోపలికి లాగి రేడియోకు తగిలించాడు. "అయిపోయింది" అన్నాడు.

"మీటర్ ఇటివ్వు" అన్నాడు హెన్రీ. "పదేళ్ళు ఆర్మీ సిగ్నల్స్‌లో ఉన్నాను."

మైక్ బటన్ నొక్కాడు. మీటర్ ముల్లు ఎర్ర గీతను దాటి చివరికి కొట్టుకుంది: సిగ్నల్ బయటికి పోవడం లేదు. హెన్రీ మాట్లాడకుండా బ్రాకెట్ వదులుచేసి, రబ్బరు వాషర్ బయటికి లాగి, దుమ్ము ఊది, హనుమేష్ కళ్ళ ముందు పట్టుకున్నాడు. తర్వాత మీటర్‌ను నేలకేసి కొట్టాడు. లోపలి ట్రాన్స్‌మిటర్ దొర్లి బయటపడింది. బూటుతో నలిపేశాడు.

హనుమేష్ తల వాడి ముక్కు మీదికి దూసుకుపోయింది. ఎముక విరిగిన చప్పుడు. మరుక్షణమే తిమ్మయ్య తిరగేసిన కొడవలి అతని వీపు మీద పడింది. కిందపడిన హనుమేష్ కుడిచేతిని హెన్రీ బానెట్ మీద పరిచి, స్క్రూడ్రైవర్‌ను అరచేతిలోంచి దించాడు. రేకు మీద కొన తగిలి చప్పుడైంది. హనుమేష్ అరుపు రేకుల షెడ్డంతా మారుమోగింది.

"అయితే ప్రవీణ్, మొదటి నుంచీ నువ్వు వాళ్ళ మనిషివేనన్నమాట. ఇంత చిన్న పనికి నువ్వెందుకు? నేనే బిగించుకుంటాను" అన్నాడు హెన్రీ, ముక్కు నెత్తురు తుడుచుకుంటూ. "కానీ నిన్ను ఇక్కడ చంపను. బాంబు పేల్చే చోట చంపుతాను, రేడియో పక్కనే. పేల్చింది మీ ఏజెంటేనని మీ పేపర్లే రాస్తాయి. భువనా, వీణ్ణి కట్టెయ్."

హెన్రీ, తిమ్మయ్య బండలు కోసే మిషను అవతల దాచిన సామాను తేవడానికి వెళ్ళారు. భువన హనుమేష్ చేతికి గుడ్డ చుట్టి, రెండు చేతులూ వెనక్కి లాగింది. నోరు అతని చెవి దగ్గరికి తెచ్చింది. ఇప్పుడు ఆమె మాట కమలాపురం వైపు మాట.

"కదలాకు. నేను మీ మనిషినే. నా సంగతి ఒక్క లక్ష్మన్నకే తెలుసు."

"లక్ష్మన్నను సంపింది ఆడది."

"నేనే."

ఆమె వేళ్ళు ముడి మీద ఆగాయి.

"ఆ టెక్నీషియన్ మమ్మల్నిద్దరినీ కలిసి సూసినాడు. నాకోసమే వాణ్ణి సంపినాడు లక్ష్మన్న. అంతలో తిమ్మయ్య వచ్చి కడుపులో కాల్చినాడు. హెన్రీ తుపాకి నా చేతికిచ్చి నువ్వే ముగించమన్యాడు. నేను ఎత్తలేకపోయినా. అప్పుడు లక్ష్మన్న నన్ను తిట్టినాడు. ఎవరూ తిట్టనన్ని బూతులు తిట్టినాడు, హెన్రీ ఇనాలని. నేను కాల్చనీకె." ఆమె తాడు ఇంకో చుట్టు చుట్టింది. "కాల్చినా."

"బాంబులు యాడ?"

"తిమ్మయ్యకే తెలుసు. వచ్చేది బస్సు, ఉపగ్రహాల సైంటిస్టులు. ఇప్పుడే వీళ్ళను సంపితే బాంబులు రోడ్డు కిందే ఉండిపోతాయి. సోటు సూపించేదాకా పోవాల." ముడి లాగింది. "వదులుగా కట్టినా. నన్ను నమ్మితే కూచో. లేకుంటే ఇప్పుడే లేసి నా గొంతు పిసుకు. అడ్డం రాను."

అడుగుల చప్పుడు దగ్గరైంది. హనుమేష్ వేళ్ళు కదిపి చూశాడు. ముడి నిజంగానే వదులుగా ఉంది. భువన మెడ అందేంత దూరంలోనే ఉంది. లక్ష్మన్న నవ్వు, పెళ్ళి పందిట్లో పసుపు బట్టలు, నుదుటి మీద రంధ్రం అన్నీ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి.

కూర్చునే ఉన్నాడు.

ఆళ్ళగడ్డ దాటాక ఎస్‌యూవీ తారురోడ్డు వదిలి నల్లమల కొండ ఎక్కింది. భువన నడుపుతోంది. వెనక సీట్లో తిమ్మయ్య పక్కన హనుమేష్. కొమ్మలు కొట్టినప్పుడల్లా ఆంటెన్నా వంగి, కొరడాలా మళ్ళీ లేస్తోంది. కొండ అంచున బండి ఆగింది. కింద ఘాట్ రోడ్డు. తిమ్మయ్య వెనక సీట్లోంచి వేలు చూపించాడు.

"ఆ మలుపు కాడ రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ ఉండాది సూడు. దాని కిందనే."

హెన్రీ దిగి బానెట్ పక్కన నిలబడ్డాడు. కిటికీలోంచి మైక్ వైరు సాగదీసి ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచేతిలో పిస్తోలు. "కోడ్ టోన్ ఆగకుండా పూర్తిగా వెళ్ళాలి. అంతవరకూ బటన్ వదలను" అన్నాడు తనలో తనే. కింద తెల్ల బస్సు మలుపు తిరిగింది. దానికి ముందు ఎస్కార్టు జీపు.

భువన చొక్కా కింది నుంచి పిస్తోలు లాగి సీటు సందులోంచి వెనక్కి కాల్చింది. తిమ్మయ్య దవడ ఎగిరిపోయింది. కిటికీ అద్దం ఎర్రబడింది. హెన్రీ చటుక్కున తిరిగి విండ్‌షీల్డ్‌లోంచి కాల్చాడు. భువన స్టీరింగ్ మీదికి ఒరిగింది. హారన్ ఆగకుండా మోగసాగింది.

హెన్రీ బొటనవేలు బటన్ మీద బిగిసింది. రేడియోలోంచి టోన్ మొదలైంది.

హనుమేష్ వదులు ముడి విడిపించుకుని, తిమ్మయ్య ఒళ్ళోంచి వేటకొడవలి లాక్కుని బయటికి దూకాడు. మొదటి వేటు స్ప్రింగ్ మీద పడింది. స్ప్రింగ్ వంగింది తప్ప తెగలేదు. కొడవలి జారింది, చిల్లుపడిన అరచెయ్యి నెత్తురు కక్కింది. హెన్రీ కాల్చాడు. గుండు తొడ కండను చీల్చుకుపోయింది. బస్సు ముందు చక్రాలు మోరీ అంచుకు చేరుతున్నాయి. టోన్ గొంతు పెంచింది. హనుమేష్ మోకాళ్ళ మీద పడుతూనే రెండు చేతులా కొడవలి ఎత్తి, బ్రాకెట్ కింద నల్లగా మెరుస్తున్న కేబుల్ మీద వేశాడు.

కేబుల్ రెండయింది.

హెన్రీ బటన్ నొక్కుతూనే ఉన్నాడు. లోయ కదల్లేదు. బస్సు మోరీ మీదుగా వెళ్ళిపోయింది.

వాడు తుపాకి గురిపెట్టేలోగా హనుమేష్ ఆంటెన్నా కొస పట్టుకుని వెనక్కి లాగి వదిలాడు. ఉక్కు తీగ హెన్రీ కళ్ళకు అడ్డంగా పడింది. వాడు గుడ్డివాడిలా కాలుస్తూ తిరిగాడు. హనుమేష్ మైక్ వైరు వాడి మెడకు చుట్టి బిగించాడు. ఇద్దరూ రాళ్ళ మీద దొర్లారు. హెన్రీ గోళ్ళు హనుమేష్ చెంప చీరాయి. బొటనవేలు కంట్లో గుచ్చడానికి వెతికింది. హనుమేష్ వదల్లేదు. వాడి బూట్లు మట్టి తన్నడం ఆగాక కూడా చాలాసేపు వదల్లేదు.

తర్వాత కుంటుకుంటూ వెళ్ళి భువనను స్టీరింగ్ మీదినుంచి ఎత్తాడు. హారన్ ఆగింది. గుండు రొమ్ము ఎముక కింద దిగింది. గుడ్డ కుక్కి, అరచేత్తో అదిమి పట్టుకున్నాడు.

"బస్సు?" అంది.

"పోయింది. బాగానే పోయింది."

"ఇంక చెయ్యి తియ్యి అన్నా. నన్ను పోనీ."

"పోయేది లేదు" అన్నాడు హనుమేష్. "లక్ష్మన్న పెండ్లాం భీమక్కకు మొగుడు ఎట్ల సచ్చిపోయినాడో నువ్వే చెప్పాల. నీ నోటితోనే. అంతవరకు బతుకు."

ఆమె ఏడ్చింది. నొప్పికో, దేనికో. హనుమేష్ చెయ్యి తియ్యలేదు.

హారన్ విని కింద ఎస్కార్టు జీపు ఆగింది. పోలీసులు కొండెక్కారు. వారం తర్వాత కర్నూలు ఆసుపత్రికి వీరభద్ర వచ్చేసరికి, భువన మంచం పక్క స్టూలు మీద భీమక్క కూర్చుని ఉంది. చెప్పాల్సింది భువన అప్పటికే చెప్పేసింది. భీమక్క నారింజ ఒలిచి ఒక్కో తొన ఆమె చేతిలో పెడుతోంది. వీరభద్ర తలుపు మెల్లగా దగ్గరికి వేసి, వరండాలో కర్ర ఊతంతో నిలబడ్డ హనుమేష్ దగ్గరికి నడిచాడు.

"మోరీ కింది బాంబులు తీసేశారు. ఒక్కటి పేలినా బస్సు ముక్క కూడా దొరికేది కాదు."

"బస్సులోవాళ్ళకు తెలుసా సార్?"

"చెప్పలేదు. ప్రయాణం ఎలా ఉందని టూరిజం వాళ్ళు అడిగితే మాత్రం అందరూ ఒకటే చెప్పారట" అన్నాడు వీరభద్ర. "నల్లమల ఘాట్‌లో చూడ్డానికి విశేషమేమీ లేదని."